తాళంచెవి ఎవరి దగ్గర?

భీమిలి లైట్‌హౌస్ దాటి నాలుగడుగులు వేస్తే మా అక్క వాళ్ల వీధి. పోయిన వేసవిలో వెళ్తే, అక్క కొత్త ట్యాబ్ నా చేతిలో పెట్టి, "ఒరే, దీనికేదో తాళం ఉంటాదట కదా, కాస్త ఏసి ఇచ్చీ" అంది. మేనకోడలికి తొమ్మిదేళ్లు. బావ స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. రాత్రి డ్యూటీ వారంలో ఎనిమిదింటికల్లా ఇల్లు వదలాలి.

పిల్ల నిద్రపోయాక కూర్చుని గంటలో పని ముగించాను. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ నా ఫోన్‌లో పెట్టుకున్నాను. పిల్ల పేరున ఖాతా తెరిచి, పుట్టినతేదీ సరిగ్గా ఇచ్చాను. రోజుకి గంట, రాత్రి ఏడున్నరకి బంద్. ఏ యాప్ దించుకోవాలన్నా నా అనుమతి కావాలి. చక్కగా కుదిరిందనుకుని విశాఖ వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత, బావకి రాత్రి డ్యూటీ. నాన్న వెళ్లేలోపు చూపించాలని పిల్ల ట్యాబ్‌లో పడవల బొమ్మ వేస్తోంది. తెరచాపకి రంగు నింపుతుండగా ఏడున్నర అయింది, తెర మూసుకుపోయింది. అంతకుముందే టైము అయిపోవస్తోందని ట్యాబ్ ఇంగ్లీషులో హెచ్చరించింది. అదేమిటో తెలియక పిల్ల వేలితో పక్కకి తోసేసింది. అక్క నాకు మీద మీద ఫోన్ చేసింది. నేను ఒక పెళ్లిలో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. బావ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో కాసేపు ఆగి, బస్సు తప్పిపోతుందని వెళ్లిపోయాడు. మర్నాడు పిల్ల ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "మావయ్యా, నేను బొమ్మే కదా వేస్తన్నాను, మరెందుకు కట్టేశావు?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. మీటల్లో పొరపాటేమీ లేదు, అన్నీ నేను పెట్టినట్టే పనిచేశాయి. ఆ ఇంటి రోజు ఎలా గడుస్తుందో కనుక్కోకుండా తాళం వేశాను. పిల్లకి చెప్పకుండా వేశాను. పైగా తాళంచెవి ముప్పై కిలోమీటర్ల దూరాన నా జేబులో పెట్టుకున్నాను. తప్పు నాది.

ఆ ఆదివారం మళ్లీ వెళ్లాను. ఈసారి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. ముందు అక్కని కూడా పేరెంట్‌గా చేర్చాను. అదనపు సమయం ఎలా ఇవ్వాలో తన ఫోన్‌లోనే రెండుసార్లు చేయించాను. తర్వాత పిల్లనే అడిగాను, ఏవేం చూస్తావని. బొమ్మలు వేసే యాప్, తెలుగు కథల యాప్, వీడియోలు, ఒక ఆట అంది. నాలుగూ తెర మీదే ఉన్నా నాలుగూ ఒకటి కావు. బొమ్మల యాప్‌ని, కథల యాప్‌ని రోజువారీ గంట లెక్కలోంచి తీసేశాం. ఆటకి ఇరవై నిమిషాలు. యూట్యూబ్‌లో పిల్లల ఖాతాకి మూడు మెట్లున్నాయి. తొమ్మిదేళ్ల వాళ్లకని ఉన్న మొదటి మెట్టు మీదే ఉంచాం. ప్లే స్టోర్‌లో 7+ వరకే కనబడేలా పెట్టాం. హెచ్చరిక ఎలా వస్తుందో చూపించి, "ఇది కనబడగానే బొమ్మ దాచుకోవాలి" అన్నాను. రాత్రి డ్యూటీ వారంలో బంద్ ఎనిమిదిన్నరకి మార్చాం. ఆ మార్పు పిల్లే అడిగింది.

ఈ తాళం వేసే పని లక్షల ట్యాబ్‌లకి మన రాష్ట్రమే చేసి చూసింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు నాలుగున్నర లక్షల మందికి పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది అదే తేదీన మన మన్యంలోని చింతపల్లి నుంచి ఇంకో 4.34 లక్షలు. పాఠాలు తప్ప మరేవీ తెరుచుకోకుండా వాటికి ముందే తాళం వేసి ఇచ్చారు. కొన్నిచోట్ల పిల్లలు ఆ తాళం విప్పేసుకున్నారని పత్రికల్లో చదివాం. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. పక్కన కూర్చుని ఎందుకో చెప్పే మనిషి లేనప్పుడు, పదమూడేళ్ల పిల్లవాడికి ఏ తాళమైనా విప్పి చూడాల్సిన పొడుపుకథలాగే కనిపిస్తుంది.

మా అక్క వాళ్ల వీధిలో వేటకెళ్లేవాళ్లకి ఈ 'ఎందుకు' సంగతి బాగా తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు. చేప గుడ్లు పెట్టే కాలమని తెలుసు కాబట్టి ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఆ వలలకీ కన్ను ఎంతుండాలో లెక్కుంది. మరీ సన్నమైతే పిల్లచేప కూడా పడిపోతుంది, మరీ పెద్దదైతే పట్టాల్సిందీ జారిపోతుంది. ట్యాబ్‌లో పెట్టే వడపోత కూడా అంతే. బిగించేస్తే కథల యాప్ కూడా ఆగిపోతుంది, వదిలేస్తే రాకూడనిదంతా వస్తుంది. ఎంత బాగా పెట్టినా ఏదో ఒకటి జారి వస్తుంది. అలా వచ్చినప్పుడు పిల్ల దాచకుండా మన దగ్గరికి పరుగెత్తుకు రావాలి. ఆ చనువు ఏ మీట నొక్కినా రాదు.

ఐదు నుంచి పదేళ్ల పిల్లలకి తెర రోజుకి రెండు గంటల లోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలనే అంటుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అందుకే ఖాతా తెరిచేటప్పుడు పిల్ల వయసు పెంచి రాయకండి. చట్టం ఇచ్చిన రక్షణని మన చేత్తో మనమే తీసేసినట్టవుతుంది. ఆరు నెలలకోసారి మళ్లీ కూర్చుని చూడండి. పిల్ల పెరిగే కొద్దీ చొక్కా మారుస్తాం కదా, ఇదీ మార్చాలి.

మొన్న రాత్రి డ్యూటీ వారంలో నేను అక్కడే ఉన్నాను. ఏడుంపావుకి పిల్ల బొమ్మ పూర్తి చేసి, దాచి, ట్యాబ్ తనే కట్టేసింది. అడిగితే, "నాన్న భోంచేస్తన్నాడు కదా, అయ్యాక తెరుస్తాను" అంది. బావ చెయ్యి కడుక్కుని వచ్చి, తెర మీద తెల్లటి లైట్‌హౌస్‌ని చూసి, పిల్ల తల నిమిరి, సంచి తీసుకుని బయల్దేరాడు. ఇంకా ఎనిమిది కాలేదు.