బాలవాచకములలో వృత్తిపాఠము

మన బాలవాచకములలో తఱచుగా గానవచ్చు పాఠములలో వృత్తులను గూర్చినది యొకటి. ఒక పుటలో కుమ్మరి, సాలె, వడ్రంగి, కమ్మరి, చాకలి మున్నగువారి బొమ్మలుండును. ఒక్కొక్క బొమ్మక్రింద వారి పనిని దెలుపు చిన్నవాక్యముండును. తుదిని, ఎవరేమి చేయుదురో జతపఱుపుమను అభ్యాసముండును. రానురాను వైద్యుడు, రక్షకభటుడు, తపాలాబంట్రోతు ఆ వరుసలో జేరిరి. వరుస పెరిగినదిగాని పాఠము మాఱలేదు. ఇది యెవరికిని హాని చేయని పాఠమని పెక్కుమంది యుపాధ్యాయుల యభిప్రాయము. నా కట్లు తోపదు.

చిక్కు మన భాషలోనే యున్నది. కుమ్మరి, సాలె, మంగలి, చాకలి యను మాటలు పనికిని బేళ్లు, కులమునకును బేళ్లు. పొలము దున్నువానిని రైతనుటకు వీలున్నది. బట్టలుతుకువానికి కులముతో బొత్తులేని మాట వాడుకలో స్థిరపడలేదు. కావున తరగతిలో ముప్పదిమంది పిల్లలు ఒక పనిపేరు నేర్చుకొనుచుండగా, ముప్పదియొకటవ పిల్లవాడు తన కులము పేరు వినును. తోడివారు వానివంక జూతురు. వాని తండ్రి బస్సు నడపువాడైనను, అంగడిలో లెక్కలు వ్రాయువాడైనను ఆ చూపు మాఱదు. దీనికి మందుగా కుంభకారుడు, తంతువాయుడు, రజకుడు అని సంస్కృతీకరించిన పండితులును గలరు. పేరు మార్చిన మాత్రమున బొమ్మ మాఱదు. పైగా ఇంట నెన్నడును వినని మాట యొకటి పిల్లలకు బరువగును.

విద్యాచరిత్రలో రెండు ఘట్టము లిట జ్ఞప్తికి దెచ్చుకొనదగినవి. 1937లో వార్ధాయందు గాంధీజీ ప్రతిపాదించిన మౌలికవిద్యాపద్ధతిలో ప్రతి బాలుడును ఏదో యొక చేతిపని నేర్వవలెను. తక్కిన విషయములు దానిద్వారా బోధింపబడవలెను. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి ప్రభుత్వము గ్రామీణ ప్రాథమికపాఠశాలలలో బ్రవేశపెట్టిన పద్ధతి వేఱు. అది బడికాలమును దినమునకు మూడుగంటలకు గుదించి, మిగిలిన కాలమును తల్లిదండ్రుల వృత్తి నేర్చుటకు విడిచినది. అప్పటికి ఆంధ్రజిల్లాలును ఆ రాష్ట్రములోనివే. కులవిద్య యని నిరసనము చెలరేగగా 1954లో దానిని తొలగించిరి. ఈ రెండు పద్ధతులయందును పిల్లవాని చేతికి పనిముట్టు వచ్చును. మొదటిదానిలో అది యెవరి పనిముట్టైనను గావచ్చును; రెండవదానిలో తండ్రిదే కావలెను. మన వృత్తిపాఠము, వ్రాసినవారికి దెలియకయే, రెండవదానిననుసరించుచున్నది.

ఈ లోపమును గుర్తించి బాలురకై వ్రాయబడిన గ్రంథము ఒకటి గలదు. కంచ ఐలయ్యగారు 2007లో ఆంగ్లమున బ్రకటించిన ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ అనునది యది. దుర్గాబాయి వ్యామ్ గారి చిత్రములు దానికి గొప్ప యలంకారము. పశుపాలకులు, తోలుపనివారు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు చేయు పనులలోని శాస్త్రమును జెప్పి శ్రమగౌరవమును నేర్పుట దాని యుద్దేశము. పచ్చితోలును చెడకుండ నిలుపుటలో రసాయనజ్ఞానమున్నదని పిల్లలకు జెప్పుట మెచ్చదగినది. అందలి కొన్ని చారిత్రకనిర్ణయములను బాలుర పుస్తకమున అంత నిశ్చయముగా జెప్పవచ్చునా యని నాకు సందేహము. అంతకంటె ముఖ్యమైన మాట: ప్రకరణములు పెక్కు సముదాయముల వారీగానే నడచినవి. అవమానమున్న చోట గౌరవము వచ్చినది. మనిషికిని బనికిని బడిన ముడి మాత్రము వదులు గాలేదు. ఆంగ్లమున వ్రాసినందున పనిచోట వినబడు తెలుగుమాటలును అందులోనికి రాలేదు.

ఆ మాటలు మనకు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది. వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వచ్చినవి. ఇవి భాషాశాస్త్రజ్ఞుల బీరువాలలోనే యుండిపోయినవి. వాచకకర్తల బల్లలమీదికి రావలసినవి.

ఒక్క మాట చూతము. ఆసులో కండెవలె దిరుగుట యను జాతీయమును మన విద్యార్థులు అర్థముతో సహా వల్లింతురు. ఆసెట్లుండునని యడిగిన, చెప్పినవారికే తెలియదు. కొయ్యలు నాటిన చట్టము ఆసు. నూలుచుట్టిన కండెనుండి పోగును దీసి దానిమీద అటునిటు ద్రిప్పుచు బోయుదురు. పోచంపల్లి ప్రాంతమున, ముందుగా ముడులుగట్టి రంగులద్దిన నూలుతో నేయు చీరకై చేతిని ఇంచుమించు 9,000 మాఱులు ఇట్లు ద్రిప్పవలెను. రెండు చీరలకు 18,000. ఈ పని చేయువారు ఎక్కువగా స్త్రీలు. ఆలేరు ప్రాంతపు చేనేతకుటుంబమున బుట్టి, ఆఱవ తరగతితో బడి మానిన చింతకింది మల్లేశంగారు తల్లి లక్ష్మిగారి భుజపునొప్పి జూచి ఆసుపోయు యంత్రమును రూపొందించి, దానికామె పేరు పెట్టిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. సాలె బట్టలు నేయునను వాక్యములో ఈ తల్లి యెక్కడ నున్నది? బొమ్మలో మగ్గమున గూర్చున్నవాడు పురుషుడే.

కావున పాఠమునకు సాలె యని గాక నూలు అని, కుమ్మరి యని గాక కుండ యని పేరుంచవలయును. మన్ను తొక్కుట, ఱాళ్లేఱుట, సారెమీద ద్రిప్పుట, దారముతో గోయుట, చెక్కతో జఱచుట, ఎండబెట్టుట, కాల్చుట: ఈ క్రియలకు కులము లేదు. ఏ పిల్లయైనను పిడికెడు మన్ను దొక్కి చూడవచ్చును. జతపఱుపుమను అభ్యాసమునకు బదులు, పనిచేయువారియొద్దకు బోయి, చూచి, అచట విన్న యైదు మాటలు వ్రాసికొని రమ్మనవచ్చును.

పనిముట్ల పేళ్లు జిల్లాకొక తీరున నుండగా, రాష్ట్రమంతటికిని నొకటే వాచకములో ఏ మాట వేయుదుమని పండితులడుగుదురు. ఆ పుటయడుగున నాలుగు పంక్తులు ఖాళీగా విడిచిన జాలును. ఆ యూరి మాటలను ఆ యూరి పిల్లలే వ్రాయుదురు.