మాసిన మలాము

సూరతునందలి పర్వత్ పాటియాలో మాకు పొరుగున ఉండు వస్త్రవర్తకుడొకరు, చీనాదేశపు సిద్ధపురుషుని పాత కంచుప్రతిమ నొకదానిని కొనితెచ్చి, బంగారు మలాము అక్కడక్కడ వెలవెలబోయినదని, ఇత్తడిబిందెను తోమినట్లు పొడివేసి తోమించిరని ఈ వారము తెలిసినది మొదలు నా మనసు మనసులో లేదు. ఇనుప ఊతకర్రయు సొరకాయబుర్రయు దాల్చిన ఆ కుంటిసిద్ధుడు లీ తియెగ్వాయి, తావో మతస్థులు కొలిచెడి ఎనమండుగురు అమరులలో నొకడు. ఆత్మ విహారమునకు వెడలియుండగా శిష్యుడు తొందరపడి దేహమును దహించినందున, తిరిగివచ్చి బిచ్చగాని శవమున ప్రవేశించెనని కథ. పరకాయప్రవేశము విక్రమార్కుని సొత్తేయని నమ్మిన మనవారికి ఈతడు చుట్టమే.

వన్నె మాసిన వస్తువును మాసినట్లే యుంచవలెనని నేను పాడెడి పాతపాట పాఠకులకు కంఠస్థమే. పైగా ఆ మలాము సామాన్యమైనదా! బంగారమును పాదరసమున కలిపి, ఆ ముద్దను కంచుపై పూసి నిప్పుసెగ చూపగా, రసము ఆవిరియై పోయి పసిడి నిలుచును. దేనిని సేవించి అమరులము కావలెనని టాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు మరణించిరో, దేనిని శ్రీశైలమున మన రససిద్ధులు బంధింపజూచిరో, ఆ పాదరసమే ఈ అమరులకు మేనిచాయ నిచ్చినది. పనివాని ఊపిరితిత్తుల సంగతి ఏ పురాణమును చెప్పదు.

సూరతున నివసించుచు మలామును గూర్చి పలుకునపుడు జరీని తలపకుండుట ఎట్లు? వెండితీగను సన్నముగా సాగదీసి, చదునుచేసి, ఎఱ్ఱపట్టుదారమునకు చుట్టి, తుదకు విద్యుత్తుతో బంగారుపూత నెక్కించి, గద్వాలకును ధర్మవరమునకును పంపుదురు. కరీంనగరము నుండి మరమగ్గములను వెదకుకొనుచు వచ్చిన పద్మశాలి పెద్దయొకడు జరీని గోటితో గీకి, లోన ఎఱుపు కానవచ్చినచో తలయూపెడివాడు, తెలుపు కానవచ్చినచో, "మొగానికి పౌడరు గదా, బిడ్డా!" యనెడివాడు. ఆ మేలిజరీచీరయే పాతబడినపుడు, కేకవేయుచు వీధిలోనికి వచ్చు పాతచీరలవానికి అమ్మగా, వాడు దానిని కాల్చి వెండి దీసికొనును. మాసిన వన్నె యందము మంటపాలాయెనని కంటతడి పెట్టిన ఇల్లాలిని నేనెరుగను.

ఇంతవరకు వ్రాసి చూడగా నా పాతపాట శ్రుతి తప్పుచున్నది. 1518లో కృష్ణదేవరాయలు బంగారు మలాము చేయించిన తిరుమల ఆనందనిలయ విమానమునకు తరువాతివారును మరల చేయించిరి. ప్రాచీనత చెడునని మానియున్నచో భక్తు లూరకుందురా? మాసినదానిపై మోహము ప్రదర్శనశాలది, మెరుపుపై మక్కువ గుడిది. వర్తకుని ఇంట ఆ సిద్ధునకు దినదినమును అగరువత్తి వెలుగుచున్నదట! పొడితో తోమి, ఉన్న కాస్త పసిడిని పోగొట్టుట తప్పే. మరల మలాము చేయించదలచినచో మాత్రము, ప్రాచీనవస్తువుల విపణిలో వెల పడిపోయినను సరే, నేనడ్డుపడను. విద్యుత్తుతో పూత వేయువారు సూరతున కొల్లలు గనుక, పాదరసము జోలికి పోవలదని చెప్పుదును.