పాటల వరుసలు: వాని లెక్క, వాని విలువ

తెలుగున 'వరుస' యను మాటకు క్రమమనియు, బంధుత్వమనియు, పాట బాణీయనియు అర్థములు కలవు. పాటలకు అంకెలు వేయు పట్టికలు వీనిలో మొదటి అర్థమును మాత్రమే గ్రహించినవి. వానిని తీర్పులుగా చదువువారు మనలో పెక్కుమంది. నిజమునకు ప్రతి పట్టికయు ఏదో యొక ప్రశ్నకు జవాబు మాత్రమే. ఆ ప్రశ్న యేదో విచారింపక అంకెను నమ్మరాదు.

1952 నవంబరు 14న ఇంగ్లండున 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' పత్రిక తన మొదటి పట్టికను ప్రకటించినది. పెర్సీ డికిన్స్ సుమారు 20 దుకాణములకు టెలిఫోను చేసి, ఏ రికార్డులు ఎక్కువ అమ్ముడుపోయినవో అడిగి వ్రాసికొనెను. సరిసమానముగా వచ్చినవి కొన్ని యుండుటచే 12 స్థానములలో 15 పాటలు ఇమిడినవి. అడిగిన ప్రశ్న 'ఏమి కొన్నారు?' అనునది.

ఆ యేడే డిసెంబరు 3న రేడియో సిలోను నుండి 'బినాకా గీతమాలా' ఆరంభమైనది. ఆకాశవాణి సినిమా పాటను దూరముంచిన రోజులవి. అమీన్ సయానీ గారు చదివిన వరుసకు రికార్డుల అమ్మకములును, శ్రోతల సంఘముల అభిప్రాయములును ఆధారములు. ఉత్తరము వ్రాయు ఓపిక గలవాని ఇష్టము, వ్రాయనివాని ఇష్టముకంటె బరువు తూగినదన్నమాట. అది హిందీ పాటల వరుస. 1953లో 'దేవదాసు' చిత్రమున ఘంటసాల గారు పాడిన పాటలకు అందు చోటు లేకపోవుట వాని లోపము కాదు. వానిని గూర్చి ఎవరును అడుగలేదు.

అమెరికాలోని 'బిల్‌బోర్డ్' నూరు పాటల పట్టిక 1958 ఆగస్టు 4న పుట్టినది. విడి రికార్డుగా అమ్మకమునకు రాని పాటకు 1998 వరకు అందు ప్రవేశము లేదు. 'డోంట్ స్పీక్' అను పాట రేడియో ప్రసారముల లెక్కలో 16 వారములు అగ్రస్థానమున నిలిచియు ఈ నూరింట కానరాలేదు. ఇంతకంటె చక్కని నిదర్శనము వేరొకటి నాకు తోచదు.

నేటి లెక్క చూపులది. 2019 జూలైలో బాద్‌షా పాట 'పాగల్'ను ఒక్క దినమున 7.5 కోట్ల పర్యాయములు చూచిరని ప్రకటన వెలువడగా, ప్రకటనల మూలమున కొన్న చూపులను గూర్చి చర్చ లేచినది. సెప్టెంబరులో యూట్యూబు అట్టివానిని తన పట్టికల లెక్కనుండి తొలగించెను. (2023లో 'నాటు నాటు'కు వచ్చిన ఆస్కారు పురస్కారము వేరు జాతికి చెందినది, అది సభ్యుల ఎన్నిక, శ్రోతల లెక్క కాదు.)

ఇక మన సీమ సంగతి. హోసూరు బెంగళూరునకు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడినది. ఇంట తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము వినిపించుట ఇచట వింత గాదు. ఇట్టి యింట మ్రోగిన తెలుగు పాట ప్రాంతము ననుసరించి తమిళనాటి లెక్కలోను, భాష ననుసరించి తెలుగు లెక్కలోను పడును. తండ్రి ఫోనులో బిడ్డ వినినచో అది తండ్రి అభిరుచియగును! సరిహద్దున బ్రదుకువాని ఇష్టము ఈ గడులలో ఇముడదు.

అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. యంత్రము విన్నవానిని లెక్కించును గాని పాడినవానిని లెక్కింపదు. బడి వార్షికోత్సవమునకు పాట నెన్నుకొనునపుడు పట్టికలో పైనున్నదానినే కోరుట నేడు పరిపాటియైనది. బాగలూరు, వేపనపల్లి పల్లెలలో అవ్వలు పాడు జోలపాటలు, పెండ్లిపాటలు ఆ యెన్నికకు రానేరావు. వానికి పేర్లు లేవు. మొదటి పాదమే పేరు, అదియు ఇంటింటికి మారును.