దోషి లేని దుఃఖము: తెలుగు కథానికలో సామాన్య కుటుంబము

తెలుగు కథానికపై వెలువడిన విమర్శలలో ఒక పద్ధతి తరచుగా గోచరించుచుండును. కథలో ఒక సామాన్య కుటుంబము కష్టముల పాలైనచో, విమర్శకుడు మొదట ఆ కథ కరుణరసప్రధానమని నిర్ణయించును. పిమ్మట ఆ కష్టమునకు కారకుడెవడో వెదకి చూపును. ఆ కారకుడు భర్త కావచ్చును, అత్తగారు కావచ్చును, వడ్డీవ్యాపారి కావచ్చును. దోషి దొరికిన వెంటనే విమర్శ ముగియును. ఈ పద్ధతి అనేక కథలకు చక్కగా అన్వయించును. కాని మన భాషలోని కథలలో మిక్కిలి విలువైనవి కొన్ని దీనికి లొంగవు. వానిలో దుఃఖము కలదు, నష్టము కలదు, దోషి మాత్రము కనబడడు. ఇంటిలోనివారందరును ఒకరినొకరు ప్రేమించువారే. ఆ ప్రేమ నష్టమును వారింపజాలదు. ఒక్కొక్కచోట ఆ ప్రేమయే నష్టమునకు కారణమగును. ఇట్టి కథలను ఎట్లు చదువవలెనను ప్రశ్నను పరిశీలించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

మన ప్రాచీనులు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. భరతుడు నాట్యశాస్త్రమున కరుణరసమునకు విభావములను పేర్కొనుచు ఇష్టజనవియోగమును, విభవనాశమును, వధబంధములను చెప్పెను. వానితోపాటు శాపమును గూడ చెప్పెను. శాపమునకు ఈ పట్టికలో స్థానము కలుగుట గమనింపదగిన విషయము. నాయకుడు దుష్టుడు కాకయే నాయికకు దుఃఖము కలుగవలసినపుడు కవికి శాపము మిక్కిలి ఉపకరించును. మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానమున దుర్వాసుని శాపము లేదు. దుష్యంతుడు ఎరిగియుండియే ఎరుగనట్లు పలుకును. కాళిదాసు శాపమును కల్పించి రాజును నిర్దోషిని చేసెను. ఉంగరమును కల్పించి, పోయినది మరల లభించుటకు మార్గమేర్పరచెను. కాబట్టి దోషి లేని దుఃఖము మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. అయితే సామాన్యుల కథ వ్రాయు ఆధునిక రచయితకు ఈ రెండు సాధనములును లేవు. గుమాస్తా ఇంటి గుమ్మమున దుర్వాసుడు నిలువడు. అమ్ముకొన్న వస్తువు చేపకడుపున దొరకదు. నిర్దోషులైన మనుష్యుల నడుమ నష్టము ఎట్లు కలిగినదో నిత్యజీవితములోని సంగతులతోనే ఆతడు నమ్మింపవలెను.

తెలుగు కథానిక తొలినాళ్ళలో ఈ కష్టమైన మార్గమును త్రొక్కలేదు. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికయందు వెలువడెను. సానిపాటలకు మరగి అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని వ్రాసి ఉంచిన ఉత్తరము కనబడును. ఆమె వెడలిపోయినదని ఆతడు కుమిలిపోవును. తుదకు ఆమె ఆ గదిలోనే దాగియున్నదని తేలును. ఇందు దోషి స్పష్టముగా గోపాలరావే. నష్టము నిజమైనది కాదు. నష్టభయము మాత్రమే నిజము. దోషము దిద్దుకొనదగినది గనుకనే దుఃఖము హాస్యముగా పరిణమించినది. శీర్షికయే ఆ సంగతిని చెప్పుచున్నది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అరికాళ్ళ కింద మంటలు’ కథలో పరిస్థితి మరింత కఠినమైనది. బాలవితంతువైన రుక్మిణిని కష్టపెట్టువారు పరాయివారు కారు, కన్నవారును, తోడబుట్టినవారును. ఒక పనిపై మరొక పని చెప్పి ఆమెను నిలువనీయని ఆ ఇంటి సంభాషణలే కథకు ప్రాణము. ఇచ్చట దోషులు అనేకులు. వారు దిద్దుకొనువారును కారు. కాని బయటపడు దారి ఒకటి కలదు. జట్కాబండివాని సహాయముతో ఆమె వీరేశలింగంపంతులుగారి తోటవైపు ప్రయాణమగును. ఇల్లు దిద్దుబాటునకు లొంగకపోయినను, రాజమహేంద్రవరమున ఆశ్రయమిచ్చు స్థలమొకటి ఉన్నదను ధైర్యము కథకును, పాఠకునకును కలదు. దోషి ఉన్న దుఃఖమునకు దిద్దుబాటో, విడిచిపోవుటయో, ఏదో ఒక నివారణోపాయము ఉండునని ఈ రెండు కథలవలన తెలియుచున్నది.

చాసో అను పేర ప్రసిద్ధులైన చాగంటి సోమయాజులుగారు (1915–1994) వ్రాసిన ‘వాయులీనం’ కథలో ఈ రెండు ఉపాయములును పనికిరావు. రాజ్యము చిన్ననాట ఫిడేలు నేర్చినది. వివాహమైన పిమ్మట సంసారమున పడినది. ఆమెకు జబ్బుచేయగా భర్త వెంకటప్పయ్య వైద్యమునకు డబ్బు లేక ఆ ఫిడేలును అమ్మును. భార్య బ్రతుకును. మిగిలిన డబ్బుతో ఆతడు ఆమెకొక చీర కొనితెచ్చును. కథలో జరిగినది ఇంతమాత్రమే.

ఈ కథను పేదరికమును గూర్చిన కథగా చదువుట కలదు. అది తప్పు కాదు. డబ్బే ఉన్నచో ఫిడేలు ఇంటిలోనే ఉండెడిది. స్త్రీ కళను సంసారము మ్రింగివేయుటను గూర్చిన కథగా చదువుటయు కలదు. అదియు తప్పు కాదు. కాని ఈ రెండు వ్యాఖ్యలును వెంకటప్పయ్య కొనితెచ్చిన చీరను ఏమి చేయవలెనో తెలియక ప్రక్కకు నెట్టును. ఆతడు లోభియైనచో మిగిలిన డబ్బు దాచుకొనెడివాడు. క్రూరుడైనచో వైద్యమే చేయింపడు. భార్యపై ప్రేమచేతనే ఫిడేలు అమ్మెను. ఆ ప్రేమచేతనే చీర కొనెను. ఒక చేతితో తీసినదానికి బదులుగా మరియొక చేతితో ఏదో ఇచ్చితినని ఆ అమాయకునకు తృప్తి. ఆ చీర ఫిడేలునకు సాటిరాదని ఎరుగువాడు పాఠకుడు. ఆతడు ఇచ్చినదానికి సంతోషించుటయా, పోయినదానికి ఏడ్చుటయా అను సంకటము రాజ్యమునకు కలిగినది. అది ఆమెను దాటి మనకును సంక్రమించుచున్నది. ఇచ్చట భర్తను నిందించుట సులభము. నిందించిన వెంటనే కథ చేజారిపోవును.

ఈ కథలో నష్టములు రెండు. ఫిడేలు అమ్ముడగుట మొదటిది. అది అందరికిని కనబడును, దానికి వెల కట్టవచ్చును. రెండవది ఇంతకంటె ముందే జరిగినది. సంసారపు పనులలో వాద్యము మూలబడుటయే ఆ నష్టము. దానిని ఎవరును గమనింపలేదు, ఎవరును ఆజ్ఞాపింపను లేదు. ఫిడేలు వాయింపవద్దని ఒకరు శాసించినచో ఎదిరించుటకు మనిషి దొరకెడివాడు. తీరిక లేకపోవుటను ఎదిరించుట ఎట్లు? అమ్మకము రెండవ నష్టమును బయటపెట్టినది. మూలనున్నంత కాలము ఎప్పుడైనను తీసి వాయింపవచ్చునను ఆశ ఒకటి ఉండును. వస్తువు గడప దాటినపుడు ఆ ఆశయు వెడలిపోవును. ఆమె పోగొట్టుకొన్నది సంగీతముకంటె సూక్ష్మమైనది. మరల పాడుకొందునను నమ్మకమది.

శీర్షికలోని శబ్దశక్తిని గూడ విచారింపవలెను. ఫిడేలునకు ‘వయొలిన్’ అను ఇంగ్లీషు పేరును అనుసరించి మనవారు ‘వాయులీనము’ అను మాట కల్పించిరి. ధ్వనిసామ్యముచే పుట్టిన ఆ మాటకు సంస్కృతమున గాలిలో లీనమైనదని అర్థము వచ్చును. చదువక ముందు శీర్షిక ఒక వాద్యము పేరు. చదివిన పిమ్మట అదియే ఆ వాద్యమునకు పట్టిన గతి. శబ్దశక్తిమూలధ్వనికి మన ఆలంకారికులు శ్లోకములనుండి ఉదాహరణములిచ్చిరి. ఆధునిక వచనమునుండి ఈయదలచినవారికి ఈ శీర్షిక చక్కని ఉదాహరణము.

చాసోగారిదే అయిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ అను కథలోను దోషి లేడు. ఫీజు కట్టలేని తండ్రి కొడుకు చదువు మాన్పించును. చుట్టలు తెమ్మని డబ్బులిచ్చి పంపగా బాలుడు బడి దాటి పోలేకపోవును. చుట్టలకు డబ్బు దొరకినదిగాని చదువునకు దొరకలేదే యని తండ్రిని ఆక్షేపింపవచ్చును. కథకుడు ఆ ఆక్షేపణకు తావిచ్చియే, ఆ తండ్రి కొడుకు కన్నీటికి కరుగువాడని చూపెను. డబ్బులు పారవేసితివా యను తండ్రి ప్రశ్నకు బాలుని సమాధానమే శీర్షిక. చేతిలోని నాణెములను పారవేయని ఆ జాగ్రత్తగల బిడ్డకు చదువే పారవేయవలసివచ్చిన సందర్భమున ఆ చిన్న మాట ఎంత బరువు మోయుచున్నదో పాఠకుడే గ్రహింపవలెను. రచయిత ఒక్క మాటయు వివరింపడు.

ఈ మార్గము తెలుగు కథకే పరిమితమైనది కాదు; ‘దిద్దుబాటు’నకు పూర్వమే వంగభాషలో రవీంద్రుడు దీనిని త్రొక్కెను. 1891లో వ్రాయబడిన ‘పోస్టుమాస్టరు’ కథలో పల్లెటూరికి ఉద్యోగముపై వచ్చిన కలకత్తా యువకుడు, ఆతని ఇంటిపని చేయు రతన్ అను అనాథబాలికకు అక్షరములు నేర్పును. ఆతడు జ్వరపడగా ఆమె పరిచర్య చేయును. బదిలీ దొరకక ఆతడు ఉద్యోగము మాని వెడలిపోవును. వెళ్ళునపుడు డబ్బు ఈయబోవును, ఆమె పుచ్చుకొనదు. ఆతడు దుష్టుడా? కాడు. దయగలవాడు గనుకనే డబ్బు ఈయదలచెను. ఆ దయ పడవ ఎక్కకుండ నిలుపునంతటిది కాదు. వెంకటప్పయ్య చీరకును, పోస్టుమాస్టరు డబ్బునకును గల సామ్యము స్పష్టము. మొదటిది స్వీకరింపక తప్పని ప్రేమ. రెండవది స్వీకరింపరాని దయ. రెండిటియందును ఇచ్చువానికి తాను తీసికొన్నది ఏదియో తెలియదు.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. దోషి లేడనుట సంఘదోషములను కప్పిపుచ్చుట కాదా? ఇంటిలో అందరును మంచివారేయని చెప్పి పాఠకుని నిద్రపుచ్చుట కాదా? ఆక్షేపణము బలమైనదే. మంచితనమును పంచిపెట్టి ముగియు కథలు మన పత్రికలలో కొల్లలుగా వచ్చినవి. వానికి ఈ దోషము తప్పదు. కాని చాసోగారు అభ్యుదయ సాహిత్యోద్యమమున నిలిచిన రచయిత. సంఘమున తప్పెచ్చటనున్నదో ఆయన ఎరుగనివారు కారు. ఎరిగియు ఆ తప్పును వెంకటప్పయ్య నెత్తిపై పెట్టలేదు. భర్త దుష్టుడైనచో పాఠకుడు ఆతనిని ద్వేషించి, తాను అట్టివాడను కానని తృప్తిపడి, పుస్తకము మూసివేయును. భర్త మంచివాడైనచో ఆ తృప్తికి అవకాశము లేదు. ఇంతటి ప్రేమ ఉండియు ఈ నష్టమేల తప్పలేదను ప్రశ్న మిగిలిపోవును. వైద్యమునకును ఫిడేలునకును నడుమ ఒకటి ఎన్నుకొనవలసిన స్థితి ఎవరు కల్పించిరి? ఇల్లాలి తీరిక ఎవరి పాలైనది? ఈ ప్రశ్నలు ఇంటి గడప దాటి సంఘముపై పడును. మరల తిరిగి పాఠకుని సొంత ఇంటిపై పడును. వ్యక్తిని విడిచిపెట్టుటచే నిందాపరిధి తగ్గలేదు, పెరిగినది.

కరుణరసమునకు అశ్రుపాతమును, విలాపమును అనుభావములుగా శాస్త్రము చెప్పెను. పై కథలలో పాత్రల విలాపము స్వల్పము. రచయిత దానిని పాత్రకు తగ్గించి పాఠకునకు మిగిల్చెను. అట్లే ఫిడేలు, చీర, నాణెములు వంటి వస్తువులు పూర్వకావ్యములందలి ఉద్దీపనవిభావములవలె కేవలము భావమును పెంచుటతో తృప్తిపడవు. పాత్రలు పలుకలేనిదానిని అవియే పలుకును. కావున ఇట్టి కథను విమర్శించువాడు కరుణరసమని పేరు పెట్టి ఆగరాదు. దోషిని పట్టుకొని ఆగరాదు. ఎవరు ఎవరికి ఏమి ఇచ్చిరి, ఇచ్చుచు తెలియక ఏమి తీసికొనిరి యని లెక్కచూడవలెను. సామాన్య సంసారములలో ప్రేమయు నష్టమును ఒకే చేతిమీదుగా జరుగుననుటకు ఆ లెక్కయే సాక్ష్యము. దానిని నిందలేకుండ, కన్నీటి ఆర్భాటము లేకుండ కొన్ని పుటలలో చూపగలుగుట తెలుగు కథానిక సాధించిన ఘనతలలో ఒకటి.