పరిశోధన ఎవరి అమానతు? – ‘శోధగంగ’పై ఒక విమర్శ

జ్ఞానాన్ని దాచిపెట్టడం ఇస్లాం దృష్టిలో చిన్న లోపం కాదు. అల్లాహ్ స్పష్టపరచిన మార్గదర్శకత్వాన్ని మరుగుపరచేవారిని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 159వ ఆయతులో తీవ్రంగా హెచ్చరించింది. అడిగిన విషయం తెలిసి ఉండికూడా దాచినవానికి ప్రళయ దినాన శిక్ష తప్పదని దైవప్రవక్త (సల్లం) తెలిపినట్లు అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది. ఈ హెచ్చరికలు ప్రధానంగా ధర్మజ్ఞానానికి సంబంధించినవే. అయినప్పటికీ, ప్రజల ధనంతో సాగిన పరిశోధనను ప్రజలకు అందకుండా ఉంచవచ్చునా అన్న ప్రశ్నకు కూడా ఇవి దారి చూపుతున్నవి.

ఈ ప్రశ్నకు మన విశ్వవిద్యాలయాలు నిబంధనల రూపంలో సరైన జవాబే ఇచ్చినవి. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యు.జి.సి. 2009లో ఆదేశించింది. 2016, 2022 నిబంధనలు దానినే కొనసాగించినవి. ఆ ప్రతులను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘శోధగంగ’ అనే డిజిటల్ భాండాగారంలో భద్రపరుస్తున్నది. అందులో ఇప్పటికి ఐదు లక్షలకు పైగా గ్రంథాలు చేరినవి. వాటిని చదవడానికి చందా అక్కరలేదు. ఒకప్పుడు తిరుపతి దాకా ప్రయాణమై, గ్రంథాలయంలో అనుమతి పొంది చూడవలసిన గ్రంథాన్ని ఈనాడు కడప జిల్లాలో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. ఇది నిస్సందేహంగా గొప్ప మేలు.

అయితే తలుపు తెరవడం వేరు, లోపలి వస్తువు చేతికి అందడం వేరు. ఈ జిల్లాలోని మూడు పట్టణాలను తీసుకొని చూస్తే ఈ తేడా తేటతెల్లమవుతుంది.

జమ్మలమడుగు సమీపంలోని గండికోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా జయించాడు. కోటలోని జామియా మసీదు నేటికీ నిలిచి ఉన్నది. దాని చరిత్ర తెలుసుకోగోరిన ఒక ఉపాధ్యాయుడు శోధగంగలో తెలుగు లిపిలో వెదికాడనుకుందాం. తెలుగు సిద్ధాంత గ్రంథాలలో అనేకం యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేయబడినవి. మరికొన్ని కేవలం పుటల ఛాయాచిత్రాలు. కంటికి అవి తెలుగే గాని, యంత్రానికి కావు. పైగా రోమన్ లిపిలో ఒకే ఊరి పేరును నలుగురు నాలుగు విధాలుగా నమోదు చేస్తారు. అందువల్ల గ్రంథం ఉండికూడా లేదన్న జవాబే రావచ్చును.

పులివెందుల విషయం ఇంకా తీవ్రమైనది. పులివెందుల, వేంపల్లె ప్రాంతాల భూగర్భ జలాలలోని ఫ్లోరైడు గురించి శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు వ్యర్థాల వలన తమ బోర్ల నీరు చెడిపోయిందని పరిసర గ్రామాల రైతులు మొరపెట్టుకొన్నారు. ఆ ఆరోపణ నిజమో కాదో తేల్చవలసింది శాస్త్రమే. కాని శాస్త్రం పలికేది ఆంగ్లంలో. పరీక్షకు నీరు ఇచ్చిన రైతుకు ఆ ఫలితం చదివే దారి లేకపోతే, తన పిల్లలకు ఆ నీరు తాగించవచ్చునా లేదా అన్నది అతనికి ఎలా తెలుస్తుంది?

ప్రొద్దుటూరులో మరొక చిక్కు కనిపిస్తుంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో సుమారు 13,000 పరిశోధన పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందించడం దీని ఉద్దేశం. ఈ ఏర్పాటు ప్రభుత్వ సంస్థల కొరకే. ప్రైవేటు డిగ్రీ కళాశాల విద్యార్థి, మదరసా ఉస్తాదు, సామాన్య పాఠకుడు దీని వెలుపలే ఉన్నారు. ప్రచురణకర్తలకు చందా చెల్లించడంతో పాటు, ఆమోదం పొందిన వ్యాసపు తుది వ్రాతప్రతిని విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉంచే విధానాన్ని బలపరచడం అవసరం. అనేక పత్రికలు కొంత గడువు తర్వాత దీనికి అనుమతిస్తున్నవి. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన సూచించిన మార్గాలలో ఇది ఒకటి.

బహిరంగంగా ఉంచితే చౌర్యం జరుగుతుందని కొందరు పరిశోధకులు భయపడతారు. ఆ భయం నిరాధారం కాదు. కాని హదీసు పండితులు విద్యను కల్పితాల నుంచి కాపాడింది దానిని దాచిపెట్టి కాదు, ఇస్నాద్‌ను బయటపెట్టి. ఎవరి మాట ఎవరి ద్వారా వచ్చిందో అందరికీ తెలిసినచోట దొంగతనం త్వరగా పట్టుబడుతుంది. బీరువాలో ఉన్న గ్రంథం నుంచి దొంగిలించినవాణ్ణే పట్టుకోవడం కష్టం. గ్రంథాన్ని అచ్చువేయించుకోదలచిన పరిశోధకునికి పరిమితమైన గడువు ఇవ్వవచ్చు. ఆ గడువు శాశ్వతమైన తాళం కాకూడదు.

పూర్వం ముస్లిం సమాజాలు గ్రంథాలను వక్ఫ్ చేసేవి. వక్ఫ్ చేసిన గ్రంథం అమ్మకానికి ఉండదు, దాని ప్రయోజనం మాత్రం పాఠకులకు సాగుతూనే ఉంటుంది. ప్రజాధనంతో తయారైన పరిశోధనను కూడా ఈ దృష్టితోనే చూడాలి. ప్రతి సిద్ధాంత గ్రంథానికి సులభమైన తెలుగులో రెండు పుటల సారాంశం, యూనికోడ్ లిపిలో పాఠం, పేర్ల నమోదులో ఒకే పద్ధతి తప్పనిసరి చేయడం కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం వంటి సంస్థలకు అసాధ్యమేమీ కాదు. ఆ విశ్వవిద్యాలయపు బ్రౌన్ కేంద్రం ఎవరి పేరు ధరించి ఉన్నదో, ఆ సి.పి. బ్రౌన్ తాళపత్రాలలోని తెలుగు గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించిన వ్యక్తి.

మన సమాజానికి కూడా ఇందులో బాధ్యత ఉన్నది. మసీదు గ్రంథాలయాలలో ఒక కంప్యూటరు, చదివి తెలుగులో వివరించగల ఒక విద్యావంతుడు ఉంటే చాలా మేలు జరుగుతుంది. అమానతును కాపాడడమంటే భద్రపరచడం ఒక్కటే కాదు, హక్కుదారునికి దానిని అప్పగించడం కూడా.