గట్టిమేళానికి ముందు

పెళ్లిలో మేళం ఉందని చాలామందికి గుర్తొచ్చేది ఒక్కసారే. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు, డోళ్లు చెలరేగుతాయి, అక్షింతలు పడతాయి, అయిపోయింది. తాళి కట్టే వేళ తుమ్మో ఏడుపో అపశకునపు మాటో చెవిన పడకుండా చేసే హోరు అది. అసలు సంగీతమంతా దానికి ముందే నడుస్తుంది. అప్పుడు మనం టిఫిన్ల దగ్గరుంటాం.

మిరపకాయ యార్డుకూ, పత్తి మిల్లుకూ చేరి చేతిలో నాలుగు డబ్బులాడే మాఘ ఫాల్గుణాల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెళ్లిళ్లు ఊపందుకుంటాయి. ఇక్కడ పెళ్లిళ్లకూ, గుడిలో సేవలకూ తరతరాలుగా సన్నాయి ఊదుతున్నవారిలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒంగోలు దగ్గర కరవది, ఇటు చిలకలూరిపేట ఆ విద్యకు పేరుమోసిన ఊళ్లు. రాములవారి కల్యాణానికి సాయిబుగారు సన్నాయి పట్టడం ఈ నేలలో ఎవరికీ వింత కాదు. దాన్ని వింతగా చెప్పుకోవడమే కొత్త.

పెద్ద వాద్యబృందమంటే మనకు పడమటి దేశాల సింఫనీయే తడుతుంది. మన దగ్గరా ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని ఏర్పాటు చేసింది. రవిశంకర్, ఆ తర్వాత మన ఈమని శంకరశాస్త్రి వంటివారు దాన్ని నడిపారు. మేళంలో మాత్రం అలా ముందు నిలబడి చెయ్యి ఊపేవాడు ఉండడు. రెండు సన్నాయిలు, ఒకటో రెండో డోళ్లు, సుతి, తాళం, అంతే. అందరినీ కట్టి ఉంచేది ఆ చివరి రెండే.

సుతి పట్టేవాడి పని చూడటానికి ఏమీ లేదు, చేస్తే తెలుస్తుంది. ఒకే స్వరం, గంటల తరబడి తెగకూడదు. బుగ్గల్లో నిలిపిన గాలిని బయటికి వదులుతూనే ముక్కుతో ఊపిరి పీల్చుకుంటాడు. ఇప్పుడు ఆ చోటికి చాలావరకు శ్రుతి పెట్టె వచ్చేసింది. తాళం వేసేది తరచుగా ఇంట్లో కుర్రాడే. వాడి చదువు అక్కడే మొదలు.

సన్నాయిని, అంటే నాదస్వరాన్ని, దగ్గరగా చూడండి. ఆచ్చా చెక్కతో తొలిచిన గొట్టం, వేళ్లకు ఏడు రంధ్రాలు. కింద మరికొన్ని ఉంటాయి, వాటిపై వేళ్లు పడవు. మైనం నింపి శ్రుతి సరిచూసుకోవడానికే అవి. పైన గడ్డితో చేసిన పీక, పక్కన తాడుకు వేలాడే అదనపు పీకలు, వాటిని సరిచేసుకునే సూది. మీటలేవీ లేవు. రంధ్రాన్ని సగం మూసి, పెదవి బిగించి, గాలి హెచ్చించి తగ్గించి గమకం పలికించాలి. పీక మీద నాలుకతో 'తుత్తు' అంటూ స్వరాన్ని విరిచే తుత్తుకారం పిడుగుల్లాంటి వేగంలోనూ అక్షరం అక్షరం వినిపిస్తుంది. పనస చెక్క డోలుకు ఒకవైపు కర్ర, మరోవైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లు. ఆలాపన సాగుతున్నంతసేపూ డోలు ఆగి వినడం కూడా వాద్యమే అంటాను నేను.

ఈ మేళాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లవచ్చో చూపినవాడు కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా. తండ్రి కాశిం సాహెబు దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చారు. పొడుగు నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చిన టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదనం ఆయన్ని పట్టేసింది. ఆ తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు పిళ్లైల వద్ద మళ్లీ శిష్యుడయ్యారు. రాగాన్ని తొందరపడకుండా, మెట్టు మెట్టుగా విప్పుతూ పోవడం ఆ బాణీ ప్రాణం. చివరికి శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టారు. కావేరి గట్టున అరవ పిల్లలకు తంజావూరు బాణీ నేర్పిన గురువు మన ఒంగోలు వాడు! 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. మరుసటి ఏడాదే పోయారు.

ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మగవాళ్లదనుకున్న వాద్యాన్ని ఒక స్త్రీ ఆ స్థాయిలో పట్టడం చిన్న సంగతి కాదు. భద్రాచలం రాముడికి నాదస్వరం వినిపించిన గోసవీడు షేక్ హసన్‌కు 2022లో, మరణానంతరం ఆ గౌరవం దక్కింది.

బిరుదులు వచ్చినా ఊళ్లో మేళానికి చోటు తగ్గుతోంది. తిరుపతిలో దేవస్థానం నాదస్వర, డోలు పాఠశాల నడుపుతోంది కాబట్టి నేర్పేవారు లేరనలేం. వినేవారే కావాలి. ఈసారి మీ ఇంట్లో పెళ్లికి మేళం మాట్లాడేటప్పుడు ముహూర్తానికి ముందు అరగంట వాళ్లకు వదిలేయండి. డీజే ఆపించండి. ఏ రాగం వాయిస్తున్నారో అడగండి. సంభావన దగ్గర మాత్రం బేరమాడకండి.