‘గుజిలీ ప్రతి’ – ఒక పదవిచారము

ప్రాచీన గ్రంథముల ముద్రణమును గూర్చిన వ్రాతలలో ‘గుజిలీ ప్రతి’ యను మాట వినబడుచుండును. చెన్నపట్టణమునందలి గుజిలీ బజారులో చౌకగా అమ్ముడుపోయిన అచ్చుపుస్తకములను బట్టి యేర్పడిన పేరిది. 1835లో ముద్రణాలయములపై నిర్బంధములు సడలిన పిదప దేశీయుల అచ్చుకూటములు పెరిగినవి. శతకములు, యక్షగానములు, పాటలు, కథలు స్వల్పమూల్యమునకు సామాన్య పఠితలకు లభించినవి.

మొదట అమ్మకపు చోటును, వెలను మాత్రమే తెలిపిన యీ పదము క్రమముగా పాఠమును గూర్చిన తీర్పుగా మాఱినది. పండితుల వాడుకలో ‘గుజిలీ’ యనిన ‘తప్పులతడక’ యనియే యర్థము. ఇది నిష్కారణము కాదు. అరసున్నలు జాఱుట, శకటరేఫ సాధురేఫములు కలిసిపోవుట, ద-ధలు తాఱుమాఱగుట ఆ ప్రతులలో సామాన్యములు. అయినను చౌకదనము వేఱు, అపపాఠము వేఱు. కాగితమును జూచి పాఠమును త్రోసిపుచ్చుట విమర్శ కాజాలదని మా యభిప్రాయము.

పరీక్షకు సాధనములు లేకపోలేదు. కందమునందును, వృత్తములందును ప్రాసస్థానమున బడిన తప్పు తనంత తానే బయటపడును. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. కావున వేమన పద్యములలో ఛందస్సు చేయు సాయము తక్కువ. అచట ప్రతులను సరిపోల్చుటయే శరణ్యము. బ్రౌను వ్రాతప్రతులను సేకరించి, పోల్చి, 1829లో వేమన పద్యములను ప్రకటించెను. తాటాకు ప్రతికి చేసిన యీ పరీక్షను చౌక ప్రతికి మాత్రము నిరాకరించుట న్యాయమా?

మఱియొక విశేషము. యక్షగానములందును, స్త్రీల పాటలందును కనబడు పాఠభేదము అచ్చుకూర్చినవాని పొరపాటే కానక్కఱలేదు. అది పాడినవారి పాఠము కావచ్చును. అట్టి రచనలలో కొన్నింటికి గుజిలీ ప్రతియే మిగిలిన సాక్ష్యమగుట అసంభవము కాదు. దానిని వదలినచో పాఠముతోపాటు ఆ పాట చరిత్రయు పోవును.

కావున పరిశోధకవిద్యార్థులకు మా సూచన యిది: ‘గుజిలీ’ పదమును వెలకు, విక్రయమునకు పరిమితము చేయుడు. పాఠమును నిందింపవలసినచో, పోల్చి చూచిన పిదప దోషమును చూపి నిందింపుడు. ముఖపత్రముపై నున్న అచ్చుకూటము పేరును, సంవత్సరమును తప్పక గుర్తింపుడు. ఆ నాసి కాగితము పొడియై రాలుచున్నది. తీర్పు తరువాత చెప్పవచ్చును, ప్రతిని ముందు కాపాడవలెను.